ఏడేళ్ల పాపకు సోరియాసిస్: వారానికోసారి వేసే మాత్ర మొదలుపెట్టమంటారా?

కావలి_నాన్న | ఫిబ్రవరి 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మా పాపకు ఏడేళ్లు, బరువు 20 కిలోలు. నాలుగో ఏట తలలో చుండ్రులా మొదలైంది. తరువాత మోచేతులకు, మోకాళ్లకు పాకింది. ఈ చలికాలం వీపంతా పరుచుకుంది. పొద్దున్నే దుప్పటి దులిపితే తెల్లటి పొట్టు నేల మీద రాలుతుంది. దాన్ని ఊడ్చేది పాపే. మేము లేవకముందే చిన్న చీపురు తీసుకుని ఊడ్చి, చేటలోకి ఎత్తి బయట పోసి వస్తుంది. అమ్మ చూస్తే ఏడుస్తుందని అలా చేస్తున్నానని మొన్న వాళ్ల అవ్వతో చెప్పిందట.

మూడేళ్లలో పూయని మందు లేదు. పూసినన్నాళ్లు తగ్గుతుంది, మానగానే మళ్లీ మొదటికి వస్తుంది. పోయిన వారం నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాం. ఆయన పాప అరచేతినే కొలతగా పెట్టుకుని లెక్క వేశారు. వేళ్లతో కలిపి ఒక అరచేయి అంటే ఒంట్లో నూటికి ఒక వంతట. మా పాపకు 18 అరచేతులంత మేర ఉంది. పది దాటితే పూతమందులతో నెట్టుకురావడం కష్టమని చెప్పి, రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీయించి మెథోట్రెక్సేట్ రాశారు. మొదటి వారం 2.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మళ్లీ పరీక్ష, అది బాగుంటే వారానికి రెండు మాత్రలు. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర.

మందుల షాపులో కుర్రవాడు చీటీ చూసి, "ఇది క్యాన్సర్ మందండీ, చిన్నపిల్లకా?" అన్నాడు. ఆ మాట మా ఆవిడ విన్నది. నాలుగు రోజులుగా మాత్రలు బీరువాలోనే ఉన్నాయి. ఆడపిల్ల, రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోతే ఎవరు జవాబు చెబుతారని మా అమ్మ అడుగుతోంది. పిల్లలకు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పొదిలి_టీచరు | రాత్రి 10:41

అన్నయ్యా, ఆ చీపురు మాట దగ్గర ఆగిపోయాను. మందు గురించి తెలిసినవాళ్లు చెబుతారు. ఈలోగా బడిలో ఎలా ఉందో ఒకసారి కనుక్కోండి. మా నాలుగో తరగతిలో ఇదే జబ్బుతో ఒక బాబు ఉండేవాడు. గజ్జి అనుకుని మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు అతని వరుసలో కూర్చునేవారు కాదు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చేత తెలుగులో రాయించి తెమ్మన్నాను. తల్లిదండ్రుల సమావేశంలో ఆ కాగితం చదివి వినిపించి, ఆ రోజు బాబు పక్కనే కూర్చుని నేనూ భోజనం చేశాను. మీరూ ఆ కాగితం తప్పక తీసుకోండి.

ఒంగోలు_మందుల_షాపు | రాత్రి 11:15

22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మిమ్మల్ని భయపెట్టింది మా వృత్తివాడే కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ఈ మందు క్యాన్సర్‌కు వాడేమాట నిజమే. రక్త క్యాన్సర్‌లో దీన్ని గ్రాముల లెక్కన సెలైన్ ద్వారా ఎక్కించే పద్ధతి ఉంది. మీ పాపకు వారం మొత్తానికి 5 మిల్లీగ్రాములు. పేరు ఒకటే అయినా ఆ మోతాదుకూ ఈ మోతాదుకూ పొంతన లేదు. పిల్లల సోరియాసిస్‌కు సాధారణంగా కిలో బరువుకు వారానికి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు ఇస్తారు. అంటే 20 కిలోల పాపకు 4 నుంచి 8. మీ డాక్టరు రాసింది ఆ లోపలే ఉంది. మొదటి మాత్ర తరువాత పరీక్ష అడిగారంటే జాగ్రత్త గల మనిషి అని అర్థం.

నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఈ మాత్ర వారానికి ఒక్క రోజే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మా వీధిలో ఒక పెద్దాయన కీళ్లవాతానికి రాసిన ఇదే మాత్రను తొమ్మిది రోజులు వరుసగా వేసుకున్నారు. చీటీలో "వారానికి" అన్న మాట ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికి బయటపడ్డారు. అది మొదలు ఈ మందు ఇచ్చేటప్పుడు వారం పేరు అట్ట మీద నా చేత్తో రాసి, కొన్నవారి చేత పైకి చదివించనిదే కవరు ఇవ్వను.

ఇంకో చిక్కుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్రా, ఈ మాత్రా చాలా కంపెనీలవి చిన్నగా, పసుపుపచ్చగా ఒకేలా ఉంటాయి. ఒకటేమో వారంలో చాలా రోజులు వేసేది, ఇంకొకటి ఒక్క రోజే వేసేది. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయనుకోండి, కరెంటు పోయిన రాత్రి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మెథోట్రెక్సేట్‌ను విడి డబ్బాలో, ఎత్తులో, తాళం లోపల పెట్టండి. ఇంట్లో ఒక్కరే వేయాలి, వేసిన వెంటనే క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గుర్తు పెట్టాలి. నెలకు సరిపడా మాత్రలే కొనండి.

పాపకు జ్వరం వస్తే పారాసెటమాల్ సరే. నొప్పుల బిళ్లలు డాక్టరును అడగకుండా వద్దు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ అసలు వద్దు. ఈ మాత్రలాగే అదీ ఒంట్లో ఫోలిక్ యాసిడ్ పని మీదే దెబ్బ కొడుతుంది, రెండూ కలిస్తే రక్తకణాలు కూలిపోతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ మాత్ర పేరు చెప్పండి.

ఉదయగిరి_పెద్దాయన | ఫిబ్రవరి 10, ఉదయం 6:05

నాయనా, నాకు డెబ్బై దాటాయి. పసిపిల్ల ఒంట్లోకి ఇంత ఘాటు మందు ఎందుకు? మా కొండ కింద పసరు మందు ఇచ్చేవాళ్లున్నారు. వేపనూనె రాసి, వంకాయ, చేపలు మాన్పించి మూడు నెలలు చూడండి. వయసు వస్తే ఇవి సర్దుకుంటాయి.

చీమకుర్తి_బాబాయి | ఉదయం 8:30

పెద్దాయనా, మీ మాటకు ఎదురు చెబుతున్నానని అనుకోకండి. కొబ్బరినూనె, వ్యాజలీన్ ఒంటికి పట్టించడం మంచిదేనని మా డాక్టరు కూడా చెప్పారు, చర్మం పగలదు. లోపలికి ఇచ్చే పేరు లేని మందు దగ్గరే మా ఇల్లు కాలింది.

మా అన్న కొడుకుకు తొమ్మిదేళ్లప్పుడు ఒక చోట కాగితం పొట్లాల్లో పొడి ఇచ్చారు. పది రోజుల్లో ఒళ్లు అద్దంలా అయింది. ఊరంతా చెప్పుకున్నాం. మూడు నెలలకు పిల్లవాడి ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి విపరీతం. అనుమానం వచ్చి ఒక్కసారిగా మానేశాం. రెండు వారాలు తిరిగేసరికి తల నుంచి కాలి దాకా ఎర్రగా కాలినట్టయి, చీముపొక్కులు లేచాయి. ఒళ్లు చేయి పెట్టలేనంత వేడి, పిల్లవాడేమో చలి చలి అని వణుకు. ఆసుపత్రిలో 16 రోజులున్నాం. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని అక్కడి డాక్టర్లు చెప్పారు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చి ఒక్కసారిగా ఆపితే జబ్బు ఇలా ఎదురు తిరుగుతుందట. చర్మం అంతా ఎర్రబడినప్పుడు ఒంట్లో నీరు, వేడి, మాంసకృత్తులు అన్నీ బయటికి పోతాయి.

తమ్ముడూ, మీ చేతిలో ఉన్న మాత్రకు పేరుంది, మోతాదుంది, ఏ పరీక్ష ఎప్పుడో రాసి ఉంది. మా పొట్లానికి అవేవీ లేవు.

ఉదయగిరి_పెద్దాయన | ఉదయం 9:12

పొట్లాల సంగతి నాకు తెలియదు నాయనా. పిల్లవాడు ఇప్పుడు బాగున్నాడా?

చీమకుర్తి_బాబాయి | ఉదయం 9:20

బాగున్నాడండీ. ఆసుపత్రిలో సైక్లోస్పోరిన్ అనే మందు ఇచ్చి అదుపు చేశారు. తరువాత మెల్లగా మెథోట్రెక్సేట్‌కు మార్చారు. ఇప్పుడు పదో తరగతి.

కోవూరు_అమ్మ | మధ్యాహ్నం 2:10

మాది ఇంకా చిన్న వయసు కథ. పసిబిడ్డలున్న వాళ్లు ఎవరైనా ఇది వెతుక్కుంటూ వస్తే ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మా బాబుకు నాలుగో నెలలో తొడల మధ్య ఎర్రబడింది. గుడ్డలు ఒరుసుకుని అనుకున్నాం. పది రోజుల్లో ఒళ్లంతా ఎరుపెక్కి, దాని మీద గసగసాలు చల్లినట్టు తెల్లటి పొక్కులు వచ్చాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసి చీము పొరలా అయ్యేవి. జ్వరం, పాలు తాగడు. ఇన్ఫెక్షన్ అని రెండు వారాలు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశారు. చీమును పరీక్షకు పంపితే ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. నెల్లూరు నుంచి చెన్నై తీసుకెళ్లాం. చర్మం ముక్క తీసి చూసి పస్ట్యులర్ సోరియాసిస్, అంటే చీముపొక్కుల సోరియాసిస్ అన్నారు.

నాదీ మా ఆయనదీ మేనరికం. డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న అదే. ఐఎల్-36 అనే సంకేతం ఒంట్లో మంటను రాజేస్తుందట, దాన్ని అణిచే ప్రోటీన్ తయారీకి ఒక జన్యువు ఉంటుందట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడిపోతే మంటకు అడ్డుండదు. బాబుకు అదే తేలింది. ఎవరి దోషమూ కాదని ఆమె మూడు సార్లు చెప్పారు. నాకు నాలుగోసారి కూడా వినాలనిపించింది.

రాసింది ఎసిట్రెటిన్. విటమిన్ ఎ జాతి మందు. రోగనిరోధక శక్తిని అణిచేది కాదు కాబట్టి 9వ నెల తట్టు, రుబెల్లా టీకా ఆపాల్సిన పని రాలేదు. బాబు 7 కిలోలు, 10 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజు విడిచి రోజు. క్యాప్సూల్ విప్పి పాలలో కలపాలి. ఆ పొడి నన్ను ముట్టుకోవద్దన్నారు. గర్భం వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్లకు అది తగలకూడదు, కడుపులో బిడ్డకు అవకరాలు వస్తాయి. అందుకని మా ఆయన తెల్లవారి ఐదింటికి లేచి, తలుపు దగ్గరగా వేసుకుని, ఉగ్గుగిన్నెలో కలిపి బాబుకు తాగించి, గిన్నె తనే కడిగి పెట్టేవారు. ఎనిమిది నెలలూ అలాగే చేశారు. ఇది మా డాక్టరమ్మ మా బాబుకు చెప్పిన పద్ధతి, చదివి ఎవరూ సొంతంగా చేయకండి.

వారంలో జ్వరం దిగింది. తరువాత పాము కుబుసంలా పొరలు ఊడి, కింద కొత్త చర్మం వచ్చింది. పెదవులు చీలేవి, గంటకోసారి వ్యాజలీన్ రాసేదాన్ని. నెలనెలా కాలేయం, కొవ్వుల పరీక్షలు. 13వ నెలలో ఆపితే 17వ నెలలో మళ్లీ వచ్చింది, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు మూడేళ్లు నిండాయి. ఏడాదికోసారి ఎముకల ఎక్స్‌రే తీస్తున్నారు. జబ్బు పోయిందని చెప్పను. బాబు ఇప్పుడు ఇసుకలో ఆడుకుంటున్నాడు.

కనిగిరి_రైతు | సాయంత్రం 6:45

కోవూరు అమ్మా, మా అమ్మాయికి 13 ఏళ్లు. ఇదే ఎసిట్రెటిన్ గురించి అడిగితే ఆడపిల్లకు ఈ వయసులో రాయనని డాక్టరు గట్టిగా చెప్పారు. ఎందుకో వివరించే తీరిక ఆయనకు లేకపోయింది. ఇంకో సంగతి, మావైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకలు అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను.

రాత్రి_డ్యూటీ_నర్సు | రాత్రి 9:30

అన్నా, పిల్లల వార్డులో పనిచేస్తాను, నేను చెబుతాను. ఎసిట్రెటిన్ ఆపేసిన తరువాత కూడా మూడేళ్ల పాటు గర్భం రాకూడదు. రజస్వల అయిన, కాబోతున్న ఆడపిల్లలకు అందుకే రాయరు. కావలి అన్న వాళ్ల అమ్మగారి భయానికీ ఇక్కడే జవాబుంది. మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నప్పుడు గర్భం రాకూడదు, అదీ బిడ్డకు హానే. ఆపిన కొన్ని నెలలకు ఆ అడ్డు తొలగిపోతుంది. ఏడేళ్ల వయసులో వాడినందుకు రేపు సంతానం కలగదనే భయం అక్కరలేదు.

ఎసిట్రెటిన్ ఏళ్ల తరబడి వాడితే ఎముకలకు ముళ్లలాంటి పెరుగుదల రావచ్చు. ఫ్లోరోసిస్ కూడా ఎముకలనూ వాటిని పట్టి ఉంచే కండరబంధాలనూ గట్టిపరిచేదే. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఇలాంటి మందు మొదలుపెట్టే ముందు ఒక ఎక్స్‌రే తీసి ఉంచితే తరువాత పోల్చి చూడవచ్చు.

సైక్లోస్పోరిన్ మాట వచ్చింది కదా. అది అన్నిటికన్నా తొందరగా పనిచేస్తుంది, ఒళ్లంతా ఎర్రబడిన పిల్లలకు ప్రాణం నిలబెడుతుంది. బదులుగా మూత్రపిండాలను, రక్తపోటును కనిపెట్టుకుని ఉండాలి. పిల్లల చేతికి పెద్దవాళ్ల బీపీ పట్టీ చుట్టి కొలిస్తే లెక్క తక్కువ చూపిస్తుంది. చిన్న పట్టీ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. చేతుల మీద, నుదుటి మీద నూగు పెరుగుతుంది, మందు ఆపితే పోతుంది.

ఎండాకాలం వస్తోంది. ఇంట్లోనో, బడిలోనో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ వస్తే, రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వాడే పిల్లల తల్లిదండ్రులు అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. వేపమండలు కట్టి కూర్చోవద్దు. మాత్ర మొదలుపెట్టకముందే టీకాల కార్డు చూపించండి. ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు మందు నడుస్తుండగా వేయరు.

సైన్సు_మాస్టారు | ఫిబ్రవరి 11, ఉదయం 7:00

కావలి నాన్న గారూ, మీ బీరువాలో ఉన్న రెండు స్ట్రిప్పులకూ మూలం ఒక తెలుగువాడి ప్రయోగశాల. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేయించారు. ఆ అణువును కొద్దిగా మార్చి, ఫోలిక్ యాసిడ్ చోట దూరి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే తయారయ్యాయి. 1948లో ఆయన పోయారు. 1951లో అమినోప్టెరిన్ తీసుకున్న రోగుల్లో సోరియాసిస్ మచ్చలు చదునుపడటం వైద్యులు గమనించారు.

మామూలు చర్మం పైపొర మారడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో మూడు నాలుగు రోజుల్లోనే కణాలు పైకి తోసుకొస్తాయి, పొట్టులా రాలేది అదే. తొందరపెడుతున్నది రక్షణ కణాల పొరపాటు సంకేతం. ఆ కణాలను ఈ మాత్ర నెమ్మదింపజేస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఏమో నోటి పూత, వికారం రాకుండా కాస్తుంది. అమ్మగారికి ఈ కథ చెప్పి చూడండి.

అప్పటి_తొమ్మిదేళ్లు | రాత్రి 8:50

నాకిప్పుడు 24. మాది బుచ్చిరెడ్డిపాళెం. తొమ్మిది నుంచి పదకొండేళ్ల దాకా ఆదివారం రాత్రి ఈ మాత్రే వేసుకున్నాను. సోమవారం ఉదయం కడుపులో తిప్పేది, బడికి అరటిపండు తిని వెళ్లేవాణ్ణి. మొదటి నెలన్నర ఏమీ కనిపించలేదు. మా నాన్న విసిగిపోయి ఆపేద్దామన్నారు. మూడో నెలలో వీపు చదునైంది. పదకొండో ఏట ఆపాక రెండేళ్లు బాగున్నాను, మళ్లీ వచ్చింది. అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు మోచేతుల దగ్గర మాత్రమే ఉంది, పూతమందు చాలు.

పాపకు ఒక్క మాట చెప్పండి: మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ మందుంది. నాకు ఎవరూ చెప్పలేదు. నయమైపోతుందని మాత్రమే చెప్పారు, మళ్లీ వచ్చినప్పుడు అది నా తప్పనుకున్నాను.

కావలి_నాన్న | ఫిబ్రవరి 12, రాత్రి 9:15

అందరివీ మా ఆవిడకు, అమ్మకు చదివి వినిపించాను. ఒక సందేహం. ఇంతకన్నా బలమైనవి ఉన్నాయని బంధువుల అబ్బాయి అంటున్నాడు, ముందే అవి అడగాలా?

రాత్రి_డ్యూటీ_నర్సు | రాత్రి 11:50

ఉన్నాయి అన్నా. 2017లో వెలువడిన పరీక్షలో 4 నుంచి 17 ఏళ్ల పిల్లలకు అడాలిముమాబ్ ఇంజెక్షన్, మెథోట్రెక్సేట్ పోల్చి చూశారు. 16 వారాలకు జబ్బు ముప్పాతిక వంతు తగ్గినవాళ్లు ఇంజెక్షన్‌తో 58 శాతం, మాత్రతో 32 శాతం. కానీ ఇంజెక్షన్ ఖర్చు ఎక్కువ, నిద్రాణంగా ఉన్న క్షయ లేచే ప్రమాదం మన దగ్గర తక్కువేమీ కాదు. మాత్రల్లో అప్రెమిలాస్ట్‌ను అమెరికాలో 2024 ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండి, కనీసం 20 కిలోలు ఉన్న పిల్లలకు అనుమతించారు. విరేచనాలు, బరువు తగ్గడం దానిలో ఉన్నాయి, మీ పాప సరిగ్గా 20 దగ్గరే ఉంది. మీ మెథోట్రెక్సేట్ మాత్రకు మూడు నాలుగు నెలలు ఇచ్చి, లొంగకపోతే ఇవి అడగండి.

కావలి_నాన్న | ఏప్రిల్ 6, రాత్రి 9:40

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఫిబ్రవరి 15 ఆదివారం మొదటి మాత్ర వేశాం. మా అమ్మే క్యాలెండర్‌లో ఆదివారాలన్నిటికీ కుంకుమబొట్టు పెట్టింది. మాత్ర వేశాక దాని పక్కన నేను సంతకం చేస్తాను. నిన్నటితో ఎనిమిది పూర్తయ్యాయి. రెండో వారం నోట్లో ఒక పూత వచ్చింది. ఫోను చేస్తే రమ్మని రక్తం చూశారు, కణాలు బాగున్నాయి, ఫోలిక్ యాసిడ్ కొంచెం పెంచారు. పోయిన వారం కాలేయం పరీక్షలో ఒక అంకె కాస్త ఎక్కువ వచ్చింది. మోతాదు పెంచకుండా రెండు వారాల తరువాత మళ్లీ చేయిద్దామన్నారు.

వీపు అలాగే ఉంది. కుడి మోచేయి మాత్రం పలచబడింది, వేలితో తడిమితే గరుకు తెలియడం లేదు. బడిలో కాగితం ఇచ్చాను టీచరు గారూ. వచ్చే ఆదివారం పెళ్లికి గూడూరు వెళ్లాలి, ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో ఉంటాం. మాత్ర శనివారం వేయవచ్చా?

ఒంగోలు_మందుల_షాపు | రాత్రి 10:02

ముందు రోజుకు జరపకండి. ఆ ఒక్క రోజు మోతాదే విడిగా కవరులో పెట్టి, మీద "ఆదివారం రాత్రి" అని రాసి మీ చొక్కా జేబులో ఉంచుకోండి. మిగతా స్ట్రిప్పు ఇంట్లోనే తాళం లోపల ఉండాలి. అక్కడే భోజనం అయ్యాక వేసేయండి. మరిచిపోతే మరుసటి ఆదివారం రెట్టింపు వేయకండి, సోమవారం పొద్దున్నే డాక్టరుకు ఫోను చేసి అడగండి.

కావలి_నాన్న | రాత్రి 10:06

అలాగేనండి. కవరు మీద వారం పేరు ఇప్పుడే రాసిపెట్టాను.